ఎవరి చర్మం, ఎవరి వెంట్రుక

శాస్త్రవ్యాసం ఏదైనా చేతికొస్తే నేను ముందుగా 'పదార్థాలు, పద్ధతులు' అనే భాగం తెరుస్తాను. వడ్డించిన విస్తరి చూసి వంటింటి సంగతి చెప్పలేం కదా! ప్రయోగానికి కావలసిన కణాలు ఎవరి ఒంట్లోంచి వచ్చాయి, ఏ ఆపరేషన్ తర్వాత వచ్చాయి అనే విషయాలు ఆ చిన్న అక్షరాల్లోనే ఉంటాయి. సాహిత్య విమర్శలో మనం చాలాకాలంగా చేస్తున్న పనే ఇది. కథలో ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరి గురించి మాట్లాడుతున్నారు, ఎవరు నోరు విప్పకుండా మిగిలిపోయారు అని అడగటం మనకి అలవాటే. ఆ ప్రశ్నల్నే ప్రయోగశాల గడప దాటించాలనిపించింది. మనిషి చర్మాన్ని గాజుపళ్ళెంలో పెంచి, దాని మీద వెంట్రుక మొలిపించడానికి దాదాపు వందేళ్ళుగా జరుగుతున్న ప్రయత్నాల చరిత్రని ఆ ప్రశ్నలతోనే చదివాను.

జుట్టు గురించిన శాస్త్రం మన పత్రికల్లో కొత్తగా కనిపించవచ్చు. జుట్టు మాత్రం మనకి కొత్త కాదు. కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి వచ్చిన తల కొద్ది నెలల్లోనే మళ్ళీ నల్లబడుతుంది. కత్తి పైకి కనిపించే పోగునే తీస్తుంది, కుదురు చర్మం లోపల భద్రంగా ఉంటుంది. భర్త చనిపోయిన ఆడదానికి శిరోముండనం చేయించిన రోజుల్ని తలచుకుంటే ఈ చిన్న వాస్తవానికి ఇంకో అర్థం కనిపిస్తుంది. 1881లో రాజమండ్రిలో వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించేనాటికి మన బ్రాహ్మణ కుటుంబాల్లో ఆ ఆచారం బలంగా ఉంది. ఒకసారి గుండు చేయిస్తే సరిపోయేది కాదు. ఆ పిల్ల ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా వెంట్రుక మళ్ళీ మొలిచేది. అందుకే మంగలిని మళ్ళీ మళ్ళీ పిలవాల్సి వచ్చేది. శరీరం ఆచారానికి లొంగలేదు, లొంగదీసే పని నెలనెలా చేయాల్సి వచ్చింది.

ఈ మొండితనం వెంట్రుక కుదురుది. ఒక్కో కుదురు ఒక చిన్న అవయవం. మనిషి తలమీద దాదాపు లక్ష ఉంటాయి. ఒక్కొక్కటీ కొన్నేళ్ళు పెరుగుతుంది, రెండు మూడు వారాల్లో ముడుచుకుంటుంది, మూడు నెలలు నిద్రపోతుంది, తర్వాత మళ్ళీ లేచి పని మొదలుపెడుతుంది. ఒంట్లో ఒక అవయవం ఇలా జీవితమంతా కూలిపోయి మళ్ళీ కట్టుకోవడం చాలా అరుదు. అయితే దీనికి ఒక షరతు ఉంది. కుదుళ్ళన్నీ మనం తల్లి కడుపులో ఉన్నప్పుడే ఏర్పడతాయి. పుట్టాక లోతైన గాయమో, కాలడమో, యాసిడో ఒక కుదురుని పూర్తిగా తినేస్తే దాని చోట ఇంకోటి రాదు. మచ్చ మాత్రం మిగులుతుంది.

కడుపులో ఉన్నప్పుడు కుదురు ఎలా ఏర్పడుతుంది? చర్మానికి రెండు పొరలు. పైనున్న బాహ్యచర్మం, కిందున్న అంతశ్చర్మం. ఈ రెండింటిలో ఏ ఒక్కటీ సొంతంగా వెంట్రుకని తయారుచేయలేదు. కింది పొర నుంచి ఒక కబురు వస్తుంది, పై పొర చిన్నగా మందమై జవాబిస్తుంది, ఆ జవాబు విని కింద కొన్ని కణాలు గుంపుగా చేరతాయి, మళ్ళీ అవి పైవాటిని కిందికి దిగమంటాయి. ఆ గుంపే తర్వాత కుదురు అడుగున బొడిపెలా ఉండే పాపిల్లా అవుతుంది. ఒక కణసమూహం పక్కనున్న కణసమూహానికి నువ్వు ఫలానాదానివి కావాలని చెప్పగలదు అనే ఈ సంగతిని జీవశాస్త్రంలో బలంగా నిరూపించిన ప్రయోగం వెనక ఒక స్త్రీ ఉంది. ఆమె పేరు హిల్డె మాంగోల్డ్.

జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో హాన్స్ స్పీమన్ దగ్గర డాక్టరేట్ కోసం ఆమె నీటి బల్లుల పిండాల మీద పనిచేసింది. తెల్లటి జాతి పిండం నుంచి చిన్న ముక్క తీసి, రంగున్న జాతి పిండంలో ఇంకోచోట అతికించింది. అక్కడ రెండో శరీరం మొదలైంది. రంగు తేడా ఉండటం వల్ల ఏ కణం అతికించిన ముక్కది, ఏ కణం ఆతిథ్యమిచ్చినదానిది అని తేల్చగలిగారు. చూస్తే, ఆతిథ్యమిచ్చిన కణాలే దారి మార్చుకుని వెన్నుని కట్టడంలో చేరాయి. ఆ వ్యాసం 1924లో వచ్చింది. మొదటి పేరు స్పీమన్‌ది. అదే ఏడాది సెప్టెంబర్‌లో, పసిబిడ్డ తల్లిగా, ఇంట్లో వంటగది హీటర్ పేలి ఒళ్ళు కాలి హిల్డె చనిపోయింది. అప్పటికి ఇరవయ్యారేళ్ళు నిండలేదు. 1935లో స్పీమన్‌కి నోబెల్ బహుమతి వచ్చింది.

అది ప్రమాదం. దానికి లేని అర్థాలు అంటగట్టడం నా ఉద్దేశం కాదు. అయినా, వంటింట్లో పేలిన మంటలో ఒక ఆడమనిషి కాలిపోయిందన్న వాక్యాన్ని తెలుగులో చదివే ఏ స్త్రీ అయినా ఒక్క క్షణం ఆగకుండా ముందుకి పోలేదు. ఆ వాక్యాన్ని మన దినపత్రికల జిల్లా పేజీల్లో ఎన్నిసార్లు చదివాం!

ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో జీవశాస్త్రంలో స్త్రీలకి కాస్త చోటు దొరికిన మూలల్లో అవయవాలని గాజులో పెంచే పని ఒకటి. కేంబ్రిడ్జి దగ్గర స్ట్రేంజ్‌వేస్ ప్రయోగశాలకి 1929 నుంచి 1970 దాకా హానర్ ఫెల్ డైరెక్టర్‌గా ఉంది. కోడి ప్లాస్మా, పిండాల రసం కలిపి వాచ్ గ్లాస్‌లో గడ్డకట్టించి, దాని మీద పిండం ఎముకముక్కనో చర్మంముక్కనో బతికించేవాళ్ళు. కణాల్ని విడివిడిగా చీల్చి పెంచడం ఒక పద్ధతి, వాటి ఇరుగుపొరుగుతో సహా ముక్కని పెంచడం ఇంకో పద్ధతి. ఫెల్ రెండోదాన్ని పట్టుకుంది. 1953లో ఎడ్వర్డ్ మెలన్‌బీతో కలిసి, విటమిన్ ఎ ఎక్కువైతే కోడి పిండం చర్మం గట్టిపడే స్వభావం వదిలి జిగురు స్రవించే పొరగా మారిపోతుందని చూపింది. చర్మం చర్మంగా ఉండటం దాని నుదుటి రాత కాదని, చుట్టూ ఉన్న పరిస్థితిని బట్టి మారవచ్చని అప్పుడు తేలింది.

ఆ అవయవ పెంపకం పద్ధతితోనే మార్గరెట్ హార్డీ 1949లో చుంచెలుక పిండం చర్మాన్ని గాజులో పెంచి, అందులో వెంట్రుకలు ఏర్పడే తీరుని వర్ణించింది. తర్వాత కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో ఉంటూ, విటమిన్ ఎ ఎక్కువైనప్పుడు వెంట్రుక కుదుళ్ళు గ్రంథులుగా మారడాన్ని 1968లో ప్రచురించింది. 1992లో ఆమె రాసిన సమీక్షావ్యాసంలో రెండు పొరల మధ్య వరసగా నడిచే కబుర్ల క్రమాన్ని వివరించింది. ఇవాళ వెంట్రుక మీద పనిచేసేవాళ్ళు వాడుకునే పటం చాలావరకు అదే. నలభై మూడేళ్ళ దూరంలో ఉన్న ఆ రెండు వ్యాసాల మధ్య ఒకే ప్రశ్నని పట్టుకుని కూర్చున్న మనిషి కనిపిస్తుంది నాకు. బహుమతుల జాబితాల్లో అలాంటి మనుషులు కనిపించరు.

కింది పొర చెప్పే మాట ఎంత బలమైనదో స్కాట్లాండ్‌లోని డండీలో రాయ్ ఆలివర్ ఎలుక మీసాల మీద చూపాడు. మీసం కుదురు అడుగుభాగాన్ని కోసేసినా పాపిల్లా మళ్ళీ ఏర్పడి మీసం తిరిగి మొలిచింది. 1984లో కాలిన్ జహోడా, హార్న్, ఆలివర్ కలిసి, పాపిల్లా కణాల్ని గాజుపళ్ళెంలో పెంచి, పనిచేయని కుదుళ్ళలో పెడితే వెంట్రుక మళ్ళీ వస్తుందని ప్రకటించారు. అంటే కబురు చెప్పగల కణాన్ని ఒంటి బయట పెంచవచ్చు. ఎలుకలో అయింది, మనిషిలో ఎందుకు కాదు అని అందరూ అనుకున్నారు. కానీ మనిషి పాపిల్లా కణాలు గాజుమీద పరుచుకుని పెరిగేసరికి తమ విద్య మరిచిపోయేవి. ఈ మరుపు దగ్గర పరిశోధన మూడు దశాబ్దాల పాటు నిలిచిపోయింది.

ఈలోగా చర్మాన్ని పెంచే పని ఇంకో దారిలో వచ్చింది. ఆ దారి కాలిన గాయాల వార్డులోంచి వచ్చింది. 1975లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో జేమ్స్ రైన్‌వాల్డ్, హొవార్డ్ గ్రీన్ మనిషి బాహ్యచర్మ కణాలైన కెరటినోసైట్లని తరం తర్వాత తరంగా పెంచగలిగారు. అడుగున చుంచెలుక కణాల పొరని దాదిలా పరిస్తే తప్ప అవి పెరగలేదు. ఒంటరిగా పెరగకపోవడం చర్మం లక్షణం అని ఇక్కడ మళ్ళీ రుజువైంది. 1981లో అదే సంస్థలో యూజీన్ బెల్ కొల్లాజెన్ జిగురులో ఫైబ్రోబ్లాస్ట్‌లని కలిపి, దాని మీద బాహ్యచర్మ కణాల్ని పరిచి, రెండు పొరల చర్మాన్ని తయారుచేశాడు. 1983లో ఒళ్ళు తొంభై అయిదు శాతానికి పైగా కాలిన ఇద్దరు చిన్నపిల్లల్ని, వాళ్ళ సొంత చర్మం నుంచి ప్రయోగశాలలో పెంచిన పొరలతో బోస్టన్‌లో బతికించారు. ఆ రోజుల్లో అది అద్భుతం. ఇవాళ చదివినా అద్భుతమే.

అయితే ఆ చర్మానికి వెంట్రుకల్లేవు. చెమట గ్రంథులు కూడా లేవు. ప్రాణం నిలిపింది, ఒంటిని కప్పింది, అంతవరకే. ఎండలో నిలబడితే చెమట పట్టని చర్మం అంటే ఏమిటో రాయలసీమలోనో రామగుండంలోనో మే నెల గడిపినవాళ్ళకి వివరించనక్కర్లేదు.

ఇప్పుడు మన దగ్గరికొద్దాం. ప్రాచీ సంఘవి, కవి భల్లా, వీణా దాస్ 2009లో లాన్సెట్ పత్రికలో ఒక లెక్క ఇచ్చారు. 2001లో భారతదేశంలో మంటల వల్ల 1,63,000 మందికి పైగా చనిపోయారని అంచనా. వాళ్ళలో 1,06,000 మంది స్త్రీలు, ఎక్కువమంది పదిహేను నుంచి ముప్ఫై నాలుగేళ్ళ మధ్యవాళ్ళు. పోలీసు లెక్కలకి ఇది ఆరు రెట్లు. 'స్టవ్ పేలి' అనే రెండు మాటల కింద దాగిన సంఖ్య ఇది. 498ఎ 1983లో, 304బి 1986లో చట్టంలోకి వచ్చాయి. యాసిడ్ దాడిని ప్రత్యేక నేరంగా 2013లో గుర్తించారు. చనిపోయినవాళ్ళ లెక్క ఎప్పటికైనా బయటికొస్తుంది. బతికినవాళ్ళ లెక్క? కాలిన మెడతో, అతుక్కుపోయిన వేళ్ళతో, కనుబొమ్మలు లేని ముఖంతో బతికినవాళ్ళు ఏ పట్టికలోకీ సరిగ్గా రాలేదు.

కనుబొమ్మ సంగతి చెప్పుకోవాలి. అలంకారమని కొట్టిపారేసే ముందు, నుదుటి చెమట కంట్లోకి జారకుండా ఆపేది అదే. ఎదుటివాళ్ళు మనల్ని గుర్తుపట్టేదీ, మన కోపం, ఆశ్చర్యం చదివేదీ చాలావరకు దాన్ని చూసే. పోయిన కనుబొమ్మని తిరిగి చేయడానికి ఇవాళ ఆసుపత్రుల్లో ఉన్న మార్గం తల వెనక నుంచి కుదుళ్ళు తీసి అక్కడ నాటడం. అంటే ఉన్నవాటిని జరపడమే, కొత్తవి పుట్టించడం కాదు. తల కూడా కాలిపోయిన మనిషికి జరపడానికి ఏముంటుంది? ప్రయోగశాలలో కొత్త కుదురుని మొలిపించడం ఎందుకు అవసరమో ఈ ప్రశ్నతో మొదలుపెడితే ఒకలా తెలుస్తుంది. చరిత్రలో డబ్బు మాత్రం ఇంకో ప్రశ్నతో మొదలైంది.

ఆ ప్రశ్న మగవాడి బట్టతల. 1942లో జేమ్స్ హామిల్టన్ వృషణాలు లేని పురుషులని పరిశీలించి, పురుష హార్మోను లేకపోతే ఆ రకం బట్టతల రాదని తేల్చాడు. 1975లో నార్వుడ్ మగవాళ్ళ బట్టతలని మెట్లుగా విభజించిన పట్టిక ఇచ్చాడు. ఆడవాళ్ళకి అలాంటి పట్టిక లుడ్విగ్ 1977లో ఇచ్చాడు. మినాక్సిడిల్ మందుకి అమెరికాలో మగవాళ్ళ కోసం 1988లో అనుమతి వచ్చింది, ఆడవాళ్ళ కోసం 1991లో. ఫినాస్టెరైడ్ 1997లో వచ్చింది, అది మగవాళ్ళకి మాత్రమే. తేదీలు పక్కపక్కన పెడితే చాలు, వ్యాఖ్యానం అక్కర్లేదు. మధ్యవయసులో పాపిట వెడల్పవుతుంటే ఆడది దాన్ని చీరకొంగు కింద దాచుకుంది. బజారు అడిగిన ప్రశ్నలో ఆమె లేదు.

బజారు ఆమెని మరచిపోలేదు, ఇంకోచోట గుర్తుపెట్టుకుంది. అమెరికా ప్రభుత్వ శాస్త్రజ్ఞుడు జాన్ డ్రేజ్ 1944లో రూపొందించిన పరీక్షలో, క్రీములూ రసాయనాలూ కుందేళ్ళ చర్మం మీదా కళ్ళలోనూ వేసి చూసేవాళ్ళు. దానికి వ్యతిరేకంగా ఉద్యమాలు వచ్చాక సౌందర్య పరిశ్రమకి కుందేలు బదులు ఇంకోటి కావలసి వచ్చింది. ఫ్రాన్స్‌లోని లియాన్‌లో లోరియల్ కంపెనీ తయారుచేసే ఎపిస్కిన్ అనే చర్మ నమూనాని, చర్మం మంటెక్కుతుందా అని చూసే కుందేలు పరీక్షకి ప్రత్యామ్నాయంగా 2007లో యూరప్ గుర్తించింది. సౌందర్య సాధనాల కోసం జంతువుల మీద చేసే పరీక్షల్ని 2013 నాటికి యూరప్, 2014లో మన దేశం నిషేధించాయి. కాలినవాళ్ళ కోసం పుట్టిన విద్య అలంకరణ సామగ్రి డబ్బుతో ఎదిగింది. ఈ వాస్తవం నాకు ఇబ్బందిగానే ఉంటుంది. కుందేళ్ళు బతికాయన్నదీ నిజమే.

ఇక నేను మొదట చెప్పిన చిన్న అక్షరాలు. ప్రయోగశాలలకి చర్మం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఒకటి, మగపిల్లలు పుట్టగానే సున్తీ చేసి తీసేసిన తోలు. మానని పుండ్ల కోసం అమెరికాలో 1998లో అనుమతి పొందిన ఆప్లిగ్రాఫ్ అనే చర్మం ఆ కణాలతోనే తయారవుతుంది. రెండోది, రొమ్ములూ పొట్టా తగ్గించుకునే ఆపరేషన్లలో, ముఖం ముడతలు లాగి కుట్టే ఫేస్‌లిఫ్టుల్లో కోసేసిన చర్మం. ఇది ఎక్కువగా ఆడవాళ్ళది. 1990లో కేంబ్రిడ్జిలో మైకేల్ ఫిల్‌పాట్, సహచరులు మనిషి కుదుళ్ళని ఒక్కొక్కటిగా తీసి పోషక ద్రవంలో ఉంచితే రోజుకి మూడొంతుల మిల్లీమీటరు కాకపోయినా 0.3 మిల్లీమీటర్ల చొప్పున, తలమీద పెరిగే వేగంతోనే పెరిగాయని చూపారు. ఈ రకం అధ్యయనాలకి ఫేస్‌లిఫ్టుల్లో మిగిలిన తలచర్మం ముఖ్యమైన వనరు అయింది. వయసు కనపడకూడదని సమాజం పెట్టిన ఒత్తిడికి ఒక స్త్రీ కోయించుకున్న చర్మం, మగవాడి బట్టతల మందుని పరీక్షించే నేల అయిందన్నమాట. 'సర్జరీలో పారేసిన కణజాలం' అనే మాట వెనక ఇంత సామాజిక చరిత్ర ఉంది.

మన హైదరాబాద్ కథలో కూడా ఇలాంటి పొర ఒకటుంది. గ్రీన్ మొదలుపెట్టిన కణాల పొరల పెంపకం చర్మం నుంచి కంటికి విస్తరించింది. ఇటలీలో గ్రాజియెల్లా పెల్లెగ్రిని, సహచరులు 1997లో కంటి అంచునున్న మూలకణాల్ని పెంచి, రసాయనాలతో దెబ్బతిన్న కళ్ళకి అతికించారు. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో వీరేందర్ సంగ్వాన్, వేముగంటి గీత బృందం 2001 నుంచి ఇదే లక్ష్యంతో పనిచేసింది. సున్నం, యాసిడ్ పడిన కళ్ళు వాళ్ళ దగ్గరికి వచ్చినవాటిలో ఎన్నో. 2011లో ప్రచురించిన 200 మంది ఫలితాల్లో 71 శాతం విజయవంతమయ్యాయి. వాళ్ళు చుంచెలుక కణాల దాదిని వాడలేదు. కణాలు ఎక్కి పెరగడానికి మనిషి ఉమ్మసంచి పొరని పరిచారు. అంటే ప్రసవించిన తల్లి ఇచ్చిన పొర. ఎవరో ఒక తల్లి కాన్పు, ఎవరో ఒకరి చూపు. ఆ తల్లుల పేర్లు ఎక్కడా ఉండవు, ఉండాలని నేను అనను. అలాంటి పొర అక్కడ ఉందని మనం తెలుసుకోవాలంటాను.

మళ్ళీ వెంట్రుక దగ్గరికి. 1999లో నేచర్ పత్రికలో ఒకటిన్నర పేజీల వ్యాసం వచ్చింది. అమాండా రెనాల్డ్స్, జహోడా, ఆంజెలా క్రిస్టియానో, మరికొందరు రాశారు. ఒక పురుషుడి తల వెంట్రుక కుదురు కింది తొడుగు కణాల్ని, రక్తసంబంధం లేని ఒక స్త్రీ ముంజేతి చర్మంలో పెట్టారు. కొన్ని వారాలకి అక్కడ కొత్త కుదుళ్ళు మొలిచాయి. ఆమె శరీరం వాటిని తిరస్కరించలేదు. దాత జహోడా, చేయి అందించింది రెనాల్డ్స్. వాళ్ళిద్దరూ కలిసి పనిచేసే భార్యాభర్తలు. ఎవరి కణం ఏదో ఎలా తెలిసింది? వై క్రోమోజోముతో. 1924లో హిల్డె మాంగోల్డ్‌కి రంగు చేసిన పనిని ఇక్కడ లింగం చేసింది. కింద కబురు చెప్పినవి మగకణాలు, విని వెంట్రుకని కట్టడంలో చేరినవి ఆడకణాలు. శీర్షికలో 'ట్రాన్స్-జెండర్' అన్న మాట పెట్టారు. మగ, ఆడ అన్న గోడని వెంట్రుక కుదురు గుర్తించనే లేదని ఆ చిన్న ప్రయోగం చెప్పింది.

ఆ రచయితల్లో క్రిస్టియానో కథ వేరుగా చెప్పుకోదగ్గది. 1995లో కొలంబియా విశ్వవిద్యాలయంలో కొత్తగా చేరిన రోజుల్లో ఆమె తలమీద పేనుకొరుకుడు మొదలైంది. మన పల్లెల్లో ఏదో పురుగు కొరికిందనుకునే ఆ జబ్బులో నిజానికి శరీర రక్షణ కణాలే కుదుళ్ళ మీద దాడి చేస్తాయి. దాచుకోవాల్సిన జబ్బుని ఆమె చదవాల్సిన విషయం చేసుకుంది. 1998లో ఒళ్ళంతా వెంట్రుకల్లేకుండా పుట్టే ఒక పాకిస్తానీ కుటుంబంలో కారణమైన జన్యువుని, 2010లో పేనుకొరుకుడుకి సంబంధించిన జన్యుప్రాంతాల్ని ఆమె బృందం గుర్తించింది. 2014లో జాక్ నిరోధకాలనే మందులు దాన్ని ఆపగలవని చూపింది. ఆ కోవకి చెందిన బారిసిటినిబ్‌కి 2022లో అమెరికా అనుమతి ఇచ్చింది. సొంత అనుభవం శాస్త్రానికి అడ్డమనీ, నిష్పాక్షికత పోతుందనీ చెప్పేవాళ్ళకి ఇంతకంటే జవాబేం కావాలి?

మరిచిపోయిన విద్యని మనిషి పాపిల్లా కణాలకి గుర్తు చేసింది కూడా ఈ బృందమే. 2013లో క్లేర్ హిగ్గిన్స్, క్రిస్టియానో, జహోడా, సహచరులు ఆ కణాల్ని గాజుమీద పరవకుండా, మూతకి వేలాడే బొట్లలో పెంచారు. బొట్టులో కిందికి జారి కణాలన్నీ ఒక ఉండగా చేరాయి. ఒకదాన్నొకటి తాకుతూ ఉండేసరికి పోయిన లక్షణాల్లో కొన్ని తిరిగొచ్చాయి. కుదుళ్ళే ఉండని సున్తీ తోలులో ఆ ఉండల్ని పెట్టి చుంచెలుకల వీపుమీద అతికిస్తే, ఏడుగురు దాతల్లో ఐదుగురి కణాలు కొత్త కుదుళ్ళని పుట్టించాయి. 2019లో అదే విశ్వవిద్యాలయంలో, త్రీడీ ప్రింటర్‌తో చేసిన అచ్చుల్లో ఈ కణాల్ని కూర్చి, ప్రయోగశాల చర్మంలోనే కుదుళ్ళని ఏర్పరిచారు. 2022లో జపాన్‌లోని యోకొహామాలో చుంచెలుక పిండం కణాల నుంచి ఇరవై మూడు రోజుల్లో మూడు మిల్లీమీటర్ల వెంట్రుకలు గాజులోనే పెరిగాయి.

వీటన్నిటిలో నన్ను ఎక్కువసేపు ఆపింది 2020లో జియూన్ లీ మొదటి రచయితగా, కార్ల్ కోలర్ బృందం నేచర్‌లో ప్రచురించిన పని. వాళ్ళు మనిషి మూలకణాలతో మొదలుపెట్టి, సరైన సమయంలో సరైన సంకేతాలు ఇస్తూ, నాలుగైదు నెలలపాటు పెంచారు. దాదాపు కాన్పుకి పట్టే కాలంలో సగం. దాదాపు డెబ్భై రోజులకి కుదుళ్ళు మొదలయ్యాయి. రెండు పొరలు, కొవ్వు, నూనె గ్రంథులు, నరాలు అన్నీ కలిసి ఏర్పడ్డాయి. లోపలిది బయటికి తిరగేసిన బంతిలాంటి చర్మం అది. చుంచెలుకలకి అతికిస్తే సగానికి పైగా ముక్కల్లో రెండు నుంచి ఐదు మిల్లీమీటర్ల వెంట్రుకలు వచ్చాయి. హార్డీ వర్ణించిన సంభాషణని ఎవరూ పక్కనుండి నడిపించలేదు. పరిస్థితి కల్పించి, వేచి ఉన్నారు. చర్మం తన మాటలు తనే మాట్లాడుకుంది.

ఇదంతా ఇంకా ప్రయోగశాల గోడల లోపలే ఉంది. పెంచిన కుదురుని రోగికి నాటే వైద్యం ఇప్పటికీ ఆసుపత్రికి రాలేదు. జాగ్రత్తకి కారణముంది. గ్రీన్ దగ్గర పనిచేసి వచ్చిన ఎలేన్ ఫుక్స్ బృందం 1998లో, బీటా కాటెనిన్ అనే సంకేతాన్ని పెంచితే ఎదిగిన చుంచెలుక చర్మంలో కొత్త కుదుళ్ళు మొలుస్తాయనీ, వాటితోపాటు వెంట్రుక కణుతులు కూడా వస్తాయనీ చూపింది. ఆ మాటల్ని గట్టిగా అరిస్తే ప్రమాదమే. అయితే ఈ నమూనాల ఉపయోగం నాటడంతోనే ఆగిపోదు. కీమో మందులు కుదురుని ఎలా దెబ్బతీస్తాయో 2007లో ఎనికో బోడో, రాల్ఫ్ పౌస్ తదితరులు గాజులో ఉంచిన మనిషి కుదుళ్ళ మీదే చూశారు. రొమ్ము క్యాన్సర్‌కి వైద్యం చేయించుకునే స్త్రీ జుట్టు నిలుపుకునే దారి కావాలంటే ఆ పళ్ళెంలోంచే రావాలి.

ఇక్కడ మనలో కొందరు అడుగుతారని తెలుసు. జడ బరువని మనమే అన్నాం కదా, జుట్టుతో ఆడదాన్ని కొలవొద్దని మనమే రాశాం కదా, మళ్ళీ ఈ గొడవేమిటి అని. నా జవాబు ఇది. కత్తిరించుకోవడం వేరు, కత్తిరించబడటం వేరు. గుండు చేయించుకుని నవ్వుతూ వచ్చిన మనిషిదీ, మంగలి ముందు బలవంతంగా కూర్చోబెట్టిన పిల్లదీ ఒకే గుండు కాదు. జుట్టు అక్కర్లేదనే హక్కు అది ఉన్నవాళ్ళకి ఎంత ముఖ్యమో, కావాలనే హక్కు అది కాలిపోయినవాళ్ళకి అంతే ముఖ్యం. ఈ రెండో హక్కు గురించి మనం పెద్దగా రాయలేదు. రాయనిచోట బజారు రాస్తుంది, మగవాడి నడినెత్తి గురించి రాస్తుంది.

2020 నాటి వ్యాసంలో ఒక చిన్న వాక్యం సారాంశం ఇది. ప్రయోగశాలలో పుట్టిన ఆ చర్మాన్ని పిండం చర్మంతో పోల్చిచూస్తే, అది ఒంట్లో ఏ భాగానికి దగ్గరగా ఉంది? ఐదారు నెలల పిండం ముఖచర్మానికి. యాసిడ్ సీసా గురిపెట్టేది ముఖానికే, స్టవ్ మంట ముందుగా ఎగిసేదీ ముఖానికే. ఆ ముఖచర్మం ఎవరి కోసం పెరుగుతుందో, ఏ ధరకి వస్తుందో, గాంధీ ఆసుపత్రి, కింగ్ జార్జ్ ఆసుపత్రి కాలినగాయాల వార్డుల దాకా వస్తుందో రాదో ఇంకా నిర్ణయం కాలేదు. నిర్ణయం కాకముందే అడగాల్సిన ప్రశ్నలివి. అయిపోయాక అడిగితే మనకి మళ్ళీ చరిత్రే మిగులుతుంది.